రీఛార్జికి రిబ్బన్ లేదు

సర్కారు డబ్బు రెండు రకాలు. రిబ్బన్ కట్టగలిగింది ఒకటి, కట్టలేనిది ఇంకొకటి. ఉపగ్రహానికి కౌంట్‌డౌన్ ఉంటుంది. కేబులు గుంతకు కొబ్బరికాయ కొట్టొచ్చు. ట్యాబు మీద బొమ్మ వేయించుకోవచ్చు. నెలనెలా వేయించాల్సిన రీఛార్జికి మాత్రం కత్తెర ఎక్కడ పెట్టాలో ఇప్పటిదాకా ఏ మంత్రికీ తోచలేదు. పల్లెటూరి పిల్లల దూరవిద్య యాభై ఏళ్లుగా ఈ కత్తెర దగ్గరే ఆగి ఉంది.

1975లో అమెరికా దగ్గర ఒక ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకున్నాం. 'సైట్' ప్రయోగం అన్నారు. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీలు వెళ్లాయి, వాటిలో మన తెలుగు ఊళ్లూ ఉన్నాయి. పదడుగుల డిష్షును కోళ్ల గూళ్లకు కట్టే జాలీతోనే తయారు చేశారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు పాఠాలు. వెటకారం పక్కనబెట్టి చెప్పాలంటే మంచి పనే. 1976 జూలై 31న గడువు తీరింది, అమెరికా తన ఉపగ్రహాన్ని తను తీసుకుపోయింది. అయినా ఆ పథకానికి ఒక మర్యాద ఉంది. ఎప్పుడు ఆగిపోతుందో మొదటి రోజే చెప్పింది. తర్వాత వచ్చినవి అది కూడా చెప్పకుండానే ఆగాయి.

అరువు ఎందుకని 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి సొంతంగా ఎడ్యుశాట్‌ను ఎగరేశాం. చదువు కోసమే దేశం పంపిన తొలి ఉపగ్రహం. 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు చదువు నిక్షేపంగా చేరుకుంది. అక్కడి నుంచి బడి గోడ దాకా దిగిరావడమే ప్రయాస అయింది. బడిమీద డిష్షు గాలికి ఓ మూలకు తిరిగితే సరిచేసేవాడి కూలి ఏ పద్దులో రాయాలి? ఆ ఫైలు తిరుగుతూ ఉంది, పైన ఉపగ్రహమూ తిరుగుతూ ఉంది. 2010లో ముందు ఉపగ్రహమే అలిసిపోయింది.

ఆకాశం అచ్చిరాలేదని భూమిలోకి దిగాం. 2011 అక్టోబరులో కేంద్రం ఫైబర్ పథకానికి ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల పంచాయతీలు, సుమారు 20 వేల కోట్లు, రెండేళ్ల గడువు. గడువు దాటింది కానీ కేబులు చేరలేదు. 2015లో దాన్ని భారత్‌నెట్ అన్నారు. పేరు మార్చడానికి గుంతలు తవ్వక్కర్లేదు కదా, ఆ పని చకచకా అయిపోయింది. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని వెయ్యి రోజుల్లో ఆరు లక్షల గ్రామాలకూ ఫైబర్ అన్నారు. వెయ్యి రోజులూ 2023 మే నెలలో నిండాయి. ఆగస్టులో కేంద్ర కేబినెట్ 'సవరించిన భారత్‌నెట్'కు 1,39,579 కోట్లు ఇచ్చింది. సవరించింది పథకాన్నో రోజుల లెక్కనో చెప్పలేదు.

ఈ డబ్బు ఎక్కడిదనుకున్నారు? టెలికాం కంపెనీల ఆదాయంలో ఐదు శాతం పల్లెల కోసమని 2002 నుంచీ ఒక నిధికి పోతోంది. కంపెనీల ఆదాయం అంటే మనం వేయించే రీఛార్జే. కూలికెళ్లే తల్లి కొడుకు క్లాసు కోసం రీఛార్జి వేయిస్తే అందులోంచి కాస్త ఢిల్లీకి చేరి, కేబులై, ఆమె ఊరి పంచాయతీ ఆఫీసుకే తిరిగొస్తుంది. అక్కడ బల్ల కింద ఒక డబ్బాలో పచ్చలైటు మిణుకుమంటూ ఉంటుంది. గదికి తాళం. తాళంచెవి కార్యదర్శి దగ్గర. కార్యదర్శికి పక్కూరు అదనపు బాధ్యత. బడేమో ఊరి ఆ చివర.

కొవిడ్‌లో బళ్లు మూతబడ్డప్పుడు ఈ లైటు ఎంతమందికి వెలుగునిచ్చిందో అడక్కండి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో నూటికి పదిహేను ఇళ్లకే ఇంటర్నెట్ అందుబాటు, కంప్యూటరున్నవి ఐదు కూడా లేవు. అందుకే 2020 సెప్టెంబరు 1న తెలంగాణ పాఠాలు దూరదర్శన్ యాదగిరిలోకి, టీ-శాట్‌లోకి ఎక్కాయి. 1975లో ఊరికో టీవీ, 2020లో ఇంటికో టీవీ. ప్రగతి లేదని ఎవరనగలరు?

ఆంధ్రప్రదేశ్ ఇంకా ముందుకెళ్లి ట్యాబులు పంచింది. 2022లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు కలిపి 5.18 లక్షల ట్యాబులు, 686 కోట్లు. సిగ్నల్ లేని ఊళ్లున్నాయని పాఠాలు ముందే నింపి ఇచ్చారు, అది తెలివైన పనే. కాకపోతే బడి జూలైలో తెరిస్తే ట్యాబు డిసెంబరు 21న వచ్చింది. మరుసటి ఏడు చింతపల్లిలో పంచిందీ డిసెంబరు 21నే. అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజు ఏ విద్యా సంవత్సరంలోనైనా అదే తేదీన వస్తుంది మరి. లోపలి పాఠాలు బైజూస్‌వి. ఊరూరికీ లెక్కలు నేర్పిన ఆ కంపెనీ సొంత లెక్కలు మాత్రం 2024 జూలైలో ట్రిబ్యునల్ ఆదేశంతో దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి.

'సైట్' తర్వాత, మిగతావాటన్నిటికీ ముందే, 1982లో, దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు నేల మీదే పుట్టింది. ఇప్పుడది అంబేద్కర్ పేరుతో ఉంది. బడి మధ్యలో మానేసినవాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరారు. పోస్టులో పుస్తకం, ఆదివారం దగ్గర్లోని కాలేజీలో క్లాసు, చెప్పడానికి ఒక లెక్చరరు. గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఇప్పటికీ ఆ తెలుగు పుస్తకాల జిరాక్సులు కొనుక్కుంటారు. ఇంత నడిచినా దాని మీద ఎవరికీ మోజు కలగకపోవడానికి కారణం ఊహించగలరు. ఆదివారం క్లాసు చెప్పిన లెక్చరరుకిచ్చే గౌరవ వేతనానికి రిబ్బన్ ఎక్కడ కడతాం?

కనుక ఆర్థికశాఖకు నా ప్రతిపాదన. రీఛార్జినే ప్రారంభిద్దాం. ప్యాకు వ్యాలిడిటీ 28 రోజులు, అంటే ఏడాదికి పదమూడు ప్రారంభోత్సవాలు. ఇంత పంట ఏ ఉపగ్రహమిస్తుంది? పొద్దున పదింటికి కార్యక్రమం, పిల్లలు ఎనిమిదింటి నుంచే ఎండలో. పూర్ణకుంభం, శాలువా, కలెక్టరుగారి స్వాగతోపన్యాసం. మంత్రిగారు ఫోను మీద వేలు పెడతారు. మెసేజి రాగానే చప్పట్లు. గోడకు శిలాఫలకం: 'ఈ 28 రోజుల వ్యాలిడిటీని గౌరవ మంత్రివర్యులు ప్రారంభించిరి.'

ఆర్థికశాఖ కొర్రీ వేస్తుందని తెలుసు. షామియానా, కాన్వాయ్ డీజిలు, ఫ్లెక్సీలు కలిపితే ఆ బడి మొత్తానికి పదేళ్ల రీఛార్జి అవుతుందని ఎవరో గుమాస్తా లెక్క తేలుస్తాడు. అతన్ని బదిలీ చేయొచ్చు. శిలాఫలకం ఆస్తి కాబట్టి మూలధన వ్యయంలో చేరుతుంది, చిక్కు లేదు. రీఛార్జి మొత్తాన్ని 'రాయి చెక్కుడు చార్జీల' కింద సర్దేస్తే ఆడిటుకూ అభ్యంతరం ఉండదు.

చిక్కల్లా ఎన్నికల కోడ్‌తోనే. కోడ్ అమల్లో ఉన్నన్నాళ్లూ రీఛార్జి వేస్తే ఓటర్లను ప్రలోభపెట్టడమవుతుంది. ఆ నెల ఫలకానికి గుడ్డ కప్పి ఉంచాలని, పిల్లలు కోడ్ ఎత్తేశాక ఇంటర్నల్స్ రాయాలని సర్క్యులర్ పంపితే సరిపోతుంది. వాట్సాప్‌లోనే పంపాలి, హెడ్మాస్టర్లు తమ సొంత డేటాతో చూసుకుంటారు.