స్వల్పస్రావ శాసనమునకు టీకా తాత్పర్యము

మూలము: "జలవాహినీ నాళమునందు సంభవించిన స్వల్ప స్రావమునకు తగు సమయమున సముచిత చర్య గైకొనబడును. నివాసితులు సహకరింపగలరు. ఇట్లు, కార్యవర్గము."

అవతారిక: ఇది శామీర్‌పేట వైపున్న ఒకానొక అపార్ట్‌మెంటులో, లిఫ్టు పక్క బోర్డు మీద వెలసిన శాసనము.

టీక: 'నివాసితులు', 'సహకరింపగలరు' – సుగమము. 'జలవాహినీ నాళము' అనగా టెర్రస్ ట్యాంకు నుండి బాత్రూముల వెనక డక్టులోకి దిగు సీపీవీసీ పైపు. 'స్వల్ప' అనుచోట మతభేదము కలదు. నాలుగో అంతస్తున వసించు కార్యదర్శిగారి మతమున అది స్వల్పమే. మొదటి అంతస్తువారి మతమున గోడ పెచ్చులూడి, బీరువా వెనక బూజు పట్టినది కావున అనల్పము.

ఇచ్చట అలంకారము అసంగతి. కారణమొకచోట, కార్యమింకొకచోట ఉండుట దాని లక్షణము. లీకు మూడో అంతస్తున, చెమ్మ మొదటి అంతస్తున. నీరు పైపు వెంబడి జారి, క్లాంపు అడ్డుపడిన చోట గోడలోకి మళ్లును. కావున తడిసిన చోటనే తవ్వువాడు అలంకారశాస్త్రము చదువనివాడు. పూర్వవ్యాఖ్యాతయగు ఒక మేస్త్రి అచ్చటనే టైల్సు పగలగొట్టించెను. లీకు దొరకలేదు. బిల్లు మొదటి అంతస్తువారికి వచ్చినది. ఇదియు అసంగతియే.

వ్యాఖ్యాతలన్నంతనే మల్లినాథసూరి తలపునకు వచ్చును. ఆయనది పక్క మెదక్ జిల్లా కొల్చారమే కదా. మేడ్చల్ దాటి ఆ వైపు పోయినప్పుడెల్లా, కాళిదాసు దేశమెల్లకు అర్థమైనది ఈ చెల్కల మధ్య పుట్టినవాని చలవ వలననేనని గర్వము కలుగును. రఘువంశ, కుమారసంభవ, మేఘదూతములకు సంజీవని, మాఘమునకు సర్వంకష, నైషధమునకు జీవాతువు, భారవికి ఘంటాపథము. ఆధారము లేనిది వ్రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన వ్రతము. భారవి మాటను కొబ్బరికాయతో పోల్చి, పగలగొట్టి రసము చూపెను. మా శాసనమును కూడ పగలగొట్టి చూచితిని. లోపల నీళ్లు కూడ లేవు. నీళ్లన్నీ డక్టులో ఉన్నవి.

ప్రకృతమునకు వత్తము. 'గైకొనబడును' కర్మణి ప్రయోగము. కర్త లోపించెను. అధ్యాహారము చేసికొందమన్నను దొరకడు. ప్లంబరు కర్తయా? అతనికి ఇంతవరకు ఎవరూ ఫోనే చెయ్యలేదు, వాచ్‌మన్‌ను అడిగే చెబుతున్నాను.

'సముచిత చర్య': డక్టు వెడల్పు అడుగున్నర. మనిషి పక్కకు తిరిగి దూరితే ఒక చెయ్యే ఆడుతుంది. ఆక్సా బ్లేడు ఫ్రేముతో తిరగదు. బ్లేడుకు గుడ్డ చుట్టి వేళ్లతో కొయ్యాలి. పగిలిన ముక్క తీశాక మామూలు కప్లింగ్ ఎక్కదు, ఎందుకంటే పై పైపూ కింది పైపూ బిగిసి జరగవు. యూనియన్ వెయ్యాలి. సొల్యూషన్ పట్టాలంటే పైపు పొడిగా ఉండాలి, అందుకు నీళ్లు ఆపాలి, ఆపడానికి అంతస్తులో వాల్వు లేదు! ఉన్నది టెర్రస్ మీద ఒక్కటే. దాన్ని కడితే ఆ వరుస ఫ్లాట్లన్నిటికీ నీళ్లు బంద్. ఒక్క పూటకు కూడా ఎవరూ ఒప్పుకోరు. అందుకని కారుతున్న పైపు మీదే వాచ్‌మన్‌తో ఎంసీల్ ముద్ద అద్దించారు. అది ఊడిపోయింది. మళ్లీ అద్దించారు. మల్లినాథుడి సంజీవని సుమారు ఆరు వందల ఏళ్లు గడిచినా నిలిచింది, కార్యవర్గం వారి సంజీవని అమావాస్య దాకా నిలవలేదు.

ఆగ్రహము వ్యాఖ్యాధర్మము కాదు. విశేషము చెప్పి ముగింతును. యల్లంపల్లి నుండి గోదావరి 180 కిలోమీటర్లకు పైగా పైపులో నడచి, రాజీవ్ రహదారి వెంబడి మన ఘన్‌పూర్ రిజర్వాయరుకు చేరుచున్నది. కార్యవర్గమునకు కొరుకుడుపడనిది ఈ అడుగున్నర.

తాత్పర్యము: పైపు కారుచున్నది. కారనిండు.

కార్యవర్గం వారికి మనవి: ఇంకో నోటీసు వద్దు. ప్రతి అంతస్తుకూ డక్టులో ఒక గేట్ వాల్వు పెట్టించండి. రాయక తప్పదంటే, ఏ ఆదివారం ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా నీళ్లు బందో రాయండి. బాగుచెయ్యడానికి ఎవరు వస్తున్నారో ఆ పేరు కూడా వెయ్యండి.