అడిగినందుకే మార్కులు కోస్తారా?

మా రోజుల్లో అప్పు అడిగినందుకు ఎవరి పరువూ పోలేదు. తీసుకుని ఎగ్గొడితే పోయేది. ఇప్పుడు అడిగినా పోతున్నది. ధర్మపురిలో పుట్టి ఇక్కడే ముసలివాణ్ని అయ్యాను, ఎన్నో మార్పులు చూశాను. ఈ ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడడం లేదు.

బిడ్డ పెళ్లికో, దుబాయి వీసాకో పైసలు అవసరం పడితే మా బాపు జగిత్యాల పోయి ఇద్దరు ముగ్గురు సేట్లను అడిగేవాడు. ఒకాయన నూటికి రెండు రూపాయల మిత్తి అంటే, ఇంకొకాయన రూపాయిన్నరకు దిగేవాడు. “ఆయన ఎంతకిస్తనన్నడు?” అని సేటే అడిగేవాడు. బాపు దాచకుండా చెప్పేవాడు. భూమి ఎంత, జమానతు ఎవరు, పోయినసారి బాకీ చెప్పిన గడువుకు ముట్టజెప్పాడా లేదా, ఇవే చూసేవారు. ఎన్ని గడపలు ఎక్కాడన్నది ఎవరూ పద్దు రాయలేదు. విత్తనాల సంచి కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగి ధర అడిగినట్టే, మిత్తి కూడా నాలుగు చోట్ల అడిగి తక్కువకు తెచ్చుకోవడం ఇల్లు నడిపేవాడి బాధ్యత అనుకునేవాళ్లం.

ఆ కాలమంతా బంగారమని నేను అనను. ఖాళీ నోటు మీద వేలిముద్ర వేసి, మిత్తికి మిత్తి పెరిగి, పొలం రాసిచ్చినవాళ్లు మా ఊళ్లల్లో ఉన్నారు. సిరిసిల్లలో అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్న నేతన్నల ఇళ్లు ఎన్నని చెప్పాలి! తర్వాత గ్రూపు లోన్లు వచ్చాయి. బీడీలు చుట్టే ఒక్క ఇల్లాలికే మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చి, వారం వారం కిస్తీకి ఇంటి ముందు కూర్చున్నాయి. ఆత్మహత్యలు జరిగాక, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటిని అదుపు చేయాల్సి వచ్చింది. ఎవరికి ఎంత బాకీ ఉందో ఒకచోట రాసి ఉండాలని ఆ కష్టం చూసినవాళ్లమంతా ఒప్పుకుంటాం. నేనూ ఒప్పుకుంటాను.

తీసుకున్న బాకీ రాయండి. తీర్చిన తీరు రాయండి. అడగడాన్ని ఎందుకు తప్పు పడతారు? నా పేచీ అంతా ఇక్కడే.

మన దేశంలో ఈ పద్దులు రాసే కంపెనీలు నాలుగు. అందరి నోళ్లలో నలిగే సిబిల్ 2000లో పుట్టింది. మిగతావి ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. వీటన్నిటికీ 2005లో పార్లమెంటు చేసిన చట్టం ఉంది. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. మనం లోనుకు దరఖాస్తు పెట్టగానే బ్యాంకు మన రిపోర్టు తెప్పిస్తుంది. దాన్ని హార్డ్ ఎంక్వైరీ అంటారు. ఏ తేదీన, ఎవరు, ఏ లోను కోసం, ఎంత మొత్తానికి చూశారో అందులో ఎక్కిపోతుంది. ఒక్క ఎంక్వైరీకి తగ్గేది మామూలుగా కొన్ని పాయింట్లే. కిస్తీ తప్పితే పడే దెబ్బ ముందు అది చిన్నదే. కానీ కొద్ది రోజుల్లోనే వరుసగా పడితే, వీడు అప్పు కోసం ఆరాటపడుతున్నాడని లెక్క కడతారు. మన రిపోర్టు మనం చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు.

మా తమ్ముని కొడుకు మోటారు సైకిలు కొనడానికి పోయాడు. షోరూములో బల్ల వెనక కూర్చున్న పిలగాడు ఆధార్, పాన్ తీసుకుని, ఓటీపీలు చెప్పించుకుని, నాలుగైదు ఫైనాన్స్ కంపెనీలకు ఒకేసారి పంపించాడు. లోను ఇచ్చింది ఒక్కటే. మావాడు కిస్తీ ఒక్కటీ తప్పలేదు. కొన్నాళ్లకే బర్రెల లోనుకని బ్యాంకుకు పోతే, “ఇన్ని కాడ ఎందుకడిగినవ్?” అన్నారు. “నేను ఒక్క బండికే అడిగిన సార్” అంటే వినేవాడు లేడు. బర్రెల బేరం చెయ్యి దాటింది.

బ్యాంకోళ్ల వాదన నాకు తెలుసు. ఒకేసారి పది చోట్ల తీసుకుంటే, ఆ అప్పులు రిపోర్టులో ఎక్కేలోపు మేం మునుగుతాం కదా అంటారు. బ్యాంకులు ఈ కంపెనీలకు నెలకోసారి వివరాలు పంపే రోజుల్లో ఆ మాటకు బలం ఉండేది. 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారి పంపాలని రిజర్వు బ్యాంకే ఆదేశించింది కదా! అమెరికాలో మన పిల్లలు ఇల్లు కొనేటప్పుడు 45 రోజుల్లోపు ఎన్ని బ్యాంకుల్లో అడిగినా, అక్కడి ఫైకో స్కోరు కొత్త లెక్కల్లో ఒక్క ఎంక్వైరీగానే చూస్తారు. తక్కువ వడ్డీ వెతుక్కోవడం తప్పు కాదని అక్కడివాళ్లు ఒప్పుకున్నారు. కోరుట్ల రైతుకు, సిరిసిల్ల ఆసామికి ఆ మాత్రం మర్యాద దక్కాలి. అలాంటి నియమం ఇక్కడా పెట్టి, తెలుగులో రాసి ప్రతి బ్యాంకు గోడకు అంటించాలి.

రిజర్వు బ్యాంకు కొన్ని మంచి పనులు చేసింది. ఏడాదికోసారి నాలుగు కంపెనీలూ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు ఎవరైనా చూస్తే మెసేజో, మెయిలో పంపాలని 2023 అక్టోబరులో ఆదేశించింది. తప్పుందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకు 100 రూపాయలు మనకు కట్టాలి. కానీ మా ఊళ్లల్లో మొగపిల్లలు సగం మంది గల్ఫులోనే ఉంటారు. ఇక్కడి సిమ్ము రీచార్జి లేక మూగబోయి ఉంటుంది. వచ్చిన మెసేజు ఎవరు చూడాలి? చూసినా, ఆ ఇంగ్లీషు ముక్క ఇంట్లో ముసలమ్మకు ఎవరు చదివి చెప్పాలి?

పిల్లలారా, షోరూములో ఓటీపీ చెప్పేముందు “ఎన్ని కంపెనీలకు పంపుతున్నవ్?” అని గట్టిగా అడగండి. ఒక్కదానికే పంపమనండి. ఏడాదికోసారి రిపోర్టు తీసి, మీరు అడగని ఎంక్వైరీ కనిపిస్తే ఫిర్యాదు పెట్టండి. విమానం ఎక్కేముందు బ్యాంకుకు పోయి, పని చేసే నంబరు, మెయిలు రాయించి పోండి.