ప్రొస్టేట్ ఆపరేషన్‌కు ముందు వినకూడని సలహాలు

ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఒక పెద్దమనిషికి ప్రొస్టేట్ ఆపరేషన్ అని తేలితే, సంగారెడ్డి దవాఖానకు బయల్దేరేలోపే ఇంటినిండా సలహాలు పోగవుతాయి. చెప్పేవాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ వాటిలో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

“కల్లు సంగతి మత్తు డాక్టర్‌కు చెప్పకు, ఆపరేషన్ చెయ్యనంటడు.” అన్నిట్లోకీ చెడ్డ సలహా ఇదే. మన దిక్కు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం అనే మత్తు మందులు కలుపుతారు. రోజూ అది తాగే ఒంటికి మత్తు మోతాదు లెక్క మారుతుంది. ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, మతి తప్పుతుంది. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు తెలంగాణ పల్లెల్లో ఎందరో ఇలాగే ఆస్పత్రుల పాలయ్యారు. ఆపరేషనైన ముసలాయన మర్నాడు రాత్రి ఒంటేలు పైపు పీక్కుంటుంటే “గాలి సోకింది” అనుకుంటారు ఇంట్లోవాళ్లు; అది కల్లు ఆగినందువల్ల కావచ్చు. రోజుకెంత, ఎన్నేళ్ల నుంచి అన్నది ముందే చెబితే డాక్టర్ దానికి మందు సిద్ధంగా ఉంచుకుంటారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

“టేబుల్ మీద నోరు మూసుకొని పండుకో.” ఇదీ తప్పే. నడుముకు మత్తు సూది వేసి మనిషిని మెలకువగా ఉంచడంలో ఉన్న పెద్ద లాభమే అతను మాట్లాడగలగడం. లోపల గ్రంథిని చెక్కుతున్నంతసేపూ ద్రవం ధారగా పోస్తారు. తెగిన రక్తనాళాల గుండా అది ఒంట్లోకి ఎక్కితే, గ్లైసిన్ ద్రవం వాడే పద్ధతిలో, రక్తంలో సోడియం పడిపోతుంది. సెలైన్‌తో చేసే బైపోలార్ పద్ధతిలో ఈ భయం బాగా తగ్గింది. వికారం, చూపు మసకబారడం, తికమక, కడుపులోనో భుజంలోనో నొప్పి: ఏది తోచినా వెంటనే చెప్పాలి. భుజం నొప్పి మూత్రాశయానికి చిల్లు పడిన గుర్తు కావచ్చు.

“ఆ సూదితోని జన్మంతా నడుం నొప్పే” అనేది ఉత్త భయం. సూది చాలా సన్నం. కొన్నాళ్లు అక్కడ నొప్పి ఉండొచ్చు, కొందరికి తలనొప్పి రావచ్చు, మామూలుగా అంతే.

“గింత చాయ్ తాగితే ఏమైతది?” పాల చాయ్ తిండి కిందే లెక్క, ఆరు గంటల ముందే ఆపాలి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

“గోళీలన్నీ బంద్ పెట్టు.” గుండెకు స్టెంట్ ఉన్నవాళ్లు రక్తం పల్చబడే గోళీ సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. వేసుకుంటున్న సంగతి దాచితే నడుముకు సూది వేసినచోట రక్తం కారి, పేరుకొని నరాలను నొక్కొచ్చు. ఏది ఆపాలో, ఎప్పుడు ఆపాలో డాక్టర్లే చెప్పాలి. బీపీ గోళీ, షుగర్ గోళీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి గోళీ, నాటువైద్యుడి పొడి, అన్నీ ఒకే సంచిలో వేసుకొని తేదీ ఖరారయ్యే ముందే మత్తు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.