ఎ వైపు, బి వైపు: ఒక క్యాసెట్ ఆత్మకథ

ఈ ఆత్మకథకు కర్తా, కథావస్తువూ కూడా 90 నిమిషాల నిడివి గల ఒక క్యాసెట్; అంటే 1963లో ఫిలిప్స్ సంస్థ లోకానికి పరిచయం చేసిన, 3.81 మిల్లీమీటర్ల వెడల్పున్న అయస్కాంతపు పూత టేపును రెండు చక్రాల మధ్య సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడిపే చిన్న ప్లాస్టిక్ డబ్బా. ఒక్కో వైపు 45 నిమిషాలు పట్టడం వల్ల ఒక ఎల్‌పీ రికార్డు మొత్తం ఒక వైపున ఒదిగేది. హెవీ మెటల్‌ను వేగంలోనూ కర్కశత్వంలోనూ దాని పాత హద్దులు దాటించిన డెత్ మెటల్, బ్లాక్ మెటల్, గ్రైండ్‌కోర్ శాఖల అభిమానులు, అంటే ఎక్స్‌ట్రీమ్ మెటల్ శ్రోతలు, ఈ జాతిని చేరదీయడానికి చవకదనంతో పాటు ఆ కొలత కూడా కారణం.

1989లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఒక విద్యార్థి ఈ గ్రంథకర్తను ఖాళీగా కొని, ఎ వైపున డెత్ బృందం 1988లో వెలువరించిన ‘లెప్రసీ’ని తన సొంత ఎల్‌పీ నుంచి నేరుగా ఎక్కించాడు. ఫ్లోరిడాలోని టాంపా నగరంలో మోరిసౌండ్ స్టూడియోలో రికార్డయిన ఆ ఆల్బమ్, గొంతును లోతైన గాండ్రింపుగా మార్చి, గిటార్ల శ్రుతిని దించి, మరణాన్నీ రోగాన్నీ పాటల వస్తువుగా తీసుకున్న డెత్ మెటల్‌కు తొలి ప్రామాణిక రూపాలలో ఒకటి. బి వైపున నేపామ్ డెత్ అనే ఇంగ్లీషు బృందం 1987లో ఇయరేక్ సంస్థ ద్వారా వెలువరించిన ‘స్కమ్’ చేరింది. అయితే అది ఎల్‌పీ నుంచి రాలేదు. నకలుకు నకలుగా చేతులు మారుతూ వచ్చిన మరో క్యాసెట్ నుంచి దిగింది. ఈ తేడా చిన్నదిగా కనిపించినా, తరువాతి వివాదమంతా దీని నుంచే పుట్టింది.

టేపును టేపు నుంచి నకలు చేసిన ప్రతిసారీ ఒక తరం పెరిగిందని అభిమానులు లెక్కపెట్టేవారు. తరం మారినకొద్దీ టేపు సహజంగా చేసే ‘స్స్’ అనే రొద కొంత పెరుగుతుంది, తాళాల వంటి పై స్థాయి ధ్వనులు అరుగుతాయి, రెండు యంత్రాల మోటార్ల వేగం కలవకపోతే శ్రుతి కూడా కాస్త జరుగుతుంది. అందువల్ల క్యాసెట్లు ఇచ్చిపుచ్చుకునే వారు, అంటే టేప్ ట్రేడర్లు, తమ వద్ద ఉన్న ఆల్బమ్‌లనూ, రికార్డు కంపెనీ దొరకని బృందాలు సొంతంగా చేసుకున్న డెమోలనూ జాబితాగా రాసి, ఒక్కోదాని పక్కన ధ్వని నాణ్యతను సూచించే గుర్తు పెట్టేవారు. ఈ వ్యవహారంలో డబ్బు మారేది కాదు. క్యాసెట్‌కు క్యాసెట్, దానితో పాటు ఒక ఉత్తరం. ఆ ఉత్తరంలో విన్నదాని గురించి తీర్పు లేకపోతే పంపినవాడికి అవమానం చేసినట్టే. తపాలా ఖర్చు తగ్గించుకోవడానికి స్టాంపుల మీద జిగురో సబ్బో పూసి, ముద్ర పడినా కడిగి మళ్ళీ వాడుకోవడం ఆ వర్గంలో విస్తృతంగా ఉన్న అలవాటు. ఆ నేరంలో కవరు లోపల ఉన్నవారికి ఎంత వాటా ఉంటుందో న్యాయశాస్త్రజ్ఞులు తేల్చాలి.

అలాంటి కవరులోనే ఈ గ్రంథకర్త నార్వేలోని ట్రోన్‌హైమ్‌కు చేరింది. అక్కడి శ్రోత రాసిన మొదటి ఉత్తరం ‘లెప్రసీ’ని మెచ్చుకుంటూనే, అది మరీ శుభ్రంగా ఉందనీ, డ్రమ్ముల పని సాదాగా ఉందనీ తప్పుపట్టి, ‘స్కమ్’ మాత్రం భూమి లోపలి నుంచి వస్తున్నట్టుందని కీర్తించింది. ఉప్సాలా శ్రోత దీనికి ఒప్పుకోలేదు. డ్రమ్ములు సాదాగా ఉండబట్టే గిటార్ వరసలు విడివిడిగా చెవిన పడుతున్నాయని వాదించి, ‘స్కమ్’లోనే రెండు ఆల్బమ్‌లు ఉన్నాయని గుర్తుచేశాడు. అందులో అతను చెప్పినది నిజమే: ఆ ఎల్‌పీ మొదటి వైపు 1986 ఆగస్టులోనూ, రెండవ వైపు 1987 మేలోనూ రికార్డయ్యాయి, ఈ రెంటిలోనూ ఉన్న ఒకే ఒక్క వాద్యకారుడు డ్రమ్మర్ మిక్ హారిస్. సుమారు 33 నిమిషాల్లో 28 పాటలు, వాటిలో ఒకటి సెకనున్నర కూడా నిలవనిది. డ్రమ్ములను యంత్రపు వేగంతో ఎడతెగకుండా మోదే బ్లాస్ట్ బీట్ అనే పద్ధతి ఆ రికార్డు ద్వారా ఎంతోమందికి పరిచయమైంది. మొదటి సగం పంక్‌కు దగ్గరగా ఉందా, రెండవ సగమే అసలైన గ్రైండ్‌కోరా అన్న తగవు ఇద్దరి మధ్య ఎన్నో ఉత్తరాల పాటు సాగింది. ఇద్దరూ వింటున్నది ఒకే ధ్వని కాదన్న సంగతి మాత్రం ఒక్క ఉత్తరంలోనూ చర్చకు రాలేదు.

1992లో బి వైపు చెరిగిపోయింది. పొరపాటున రికార్డు కాకుండా కాపాడే ప్లాస్టిక్ నాలుకను విరిచేసిన చోట అంటుకాగితం వేసి, ట్రోన్‌హైమ్ శ్రోత ‘స్కమ్’ మీద డార్క్‌థ్రోన్ బృందపు ‘ఎ బ్లేజ్ ఇన్ ద నార్తర్న్ స్కై’ని ఎక్కించాడు. ఈ నార్వే బృందం అంతకుముందు స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో చేసిన ‘సోల్‌సైడ్ జర్నీ’తో డెత్ మెటల్ నైపుణ్యం చూపి, వెంటనే దానిని వదిలి, పలుచని గిటార్ రొదతో చలి గాలిలా వీచే బ్లాక్ మెటల్‌కు మళ్ళింది. ఆ బృందపు రికార్డులను వెలువరించే పీస్‌విల్ సంస్థ సైతం ఈ కొత్త రికార్డును చూసి మొదట వెనకాడింది. ఉప్సాలా శ్రోత దానిని చేతకానితనమన్నాడు. అయితే ధ్వని చెడగొట్టుకోవడాన్నే కళగా ఎంచుకున్నవారి చెవులను అంతకుముందు దశాబ్దమంతా అరిగిన టేపులే తయారుచేశాయన్నది ఈ గ్రంథకర్త అభిప్రాయం. ఇందులో స్వజాతి పక్షపాతం ఉందంటే కాదనలేము గాని, 1994లో వెలువడిన ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’ను అదే బృందం నాలుగు ట్రాకుల ఇంటి రికార్డర్ మీద చేసిందన్నది వాదానికి ఊతమే.

తరువాత సీడీలు వచ్చాయి. దాని గురించి చెప్పదగినది తక్కువ. ట్రోన్‌హైమ్ శ్రోత ‘స్కమ్’ సీడీ కొని, తాళాలు స్పష్టంగా వినబడడం చూసి, ఎవరో మళ్ళీ మిక్స్ చేసి ఆల్బమ్‌ను పాడుచేశారని ఉప్సాలాకు కోపంగా రాశాడు. ఎల్‌పీ మొదటి నుంచీ అలాగే ఉందనీ, అతను ఇన్నాళ్ళూ మెచ్చుకున్న లోతులో చాలాభాగం నకళ్ళ అరుగుదలేననీ జవాబు వచ్చింది. దానికి అతను, తాను విన్నదే ఆల్బమనీ, నేపామ్ డెత్ బర్మింగ్‌హామ్‌లో రికార్డు చేసినది దానికి చిత్తుప్రతి మాత్రమేననీ తిరుగు టపాలో రాసి, ఆ సీడీని కూడా అదే కవరులో పెట్టి పంపేశాడు.