ఇష్టమే, కాదనం!

హనుమకొండలో ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల కాలం.

‘‘నాకు సివిల్ ఇష్టం బాపూ’’ అన్నాడు పిల్లగాడు.
ఇల్లంతా సూతకం.

బెంగళూరులో ఉన్న బావకు వీడియో కాల్. ‘‘సివిలా? మార్కెట్ లేదురా బామ్మర్దీ!’’ అని గంటసేపు చెప్పాడు. ఆయన చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. పట్టపగలు అంత తీరిక ఎట్ల దొరికిందంటే, రెండు నెలలుగా బెంచ్ మీదున్నాడు లెండి.

చివరికి బాపు మెత్తబడ్డాడు. ‘‘సరే, నీ ఇష్టం బిడ్డా!’’
సీఎస్‌ఈ. సీఎస్‌ఈ ఏఐ. సీఎస్‌ఈ డేటా సైన్స్. సీఎస్‌ఈ సైబర్ సెక్యూరిటీ.
ఏది కావాలంటే అది!

వేయి స్తంభాల గుడి ఊళ్లోనే ఉంది, 1163 నుంచి. కట్టినోళ్ల ప్యాకేజీ ఎంతో రుద్రదేవుడు శాసనంలో వేయించలేదు. సివిల్‌కు గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది?

మరి వానాకాలం నయీంనగర్ నాలా పొంగితే?
ఫికర్ లేదు. మనోడు నాలుగేళ్లకు యాప్ చేస్తాడు. నీళ్లు మంచం ఎక్కంగనే ఫోన్‌కు నోటిఫికేషన్ వస్తది.
ప్రీమియం తీసుకుంటే, గడప దాటంగనే.