ఈకల పెట్టెకు టీకా తాత్పర్యము

మూలము

బిగిని విడని వైసు ప్రియముగ గొనవలె
కొక్కె మొకటి చాలు, కోడి యీక
రంగు లెన్నొ చూచి రాగము గొనబోకు
మొదట నేర్వు మొకటి, మోహ మేల?

అవతారిక

ఇంగ్లండు, అమెరికా మున్నగు దేశముల సెలయేళ్లలో ట్రౌట్ అను మత్స్యమును వానపాముతో గాక, కొక్కెమునకు దారముతోను ఈకలతోను కట్టిన కపట కీటకముతో మోసపుచ్చి పట్టు విద్య యొకటి కలదు; ఆ కీటకమును ‘ఫ్లై’ (ఈగ) యందురు. దానిని స్వహస్తముతో కట్టుట నేర్వదలచినవాడు దుకాణమునకు పోగా, ‘ఆరంభకుల కిట్’ అను పేర పెట్టెలు వరుసగా నిలిచి, ఒక్కొక్కటియు తానే సమగ్రమని చాటుకొనుచుండ, ఏది కొనవలయునో తోచక ఆతడు దిక్కులు చూచును. అట్టివాని నుద్ధరింపగోరి యీ వ్యాసకర్త పై ఆటవెలదిని రచించి, దీనికి వ్యాఖ్య వ్రాయుటకు పరులెవ్వరును ముందుకు వచ్చు సూచనలు కానరామిచే ఆ భారమును సైతము తానే వహించెను.

ప్రతిపదార్థము

బిగిని విడని = పట్టు సడలని; వైసు = కొక్కెమును కరచి పట్టు ఇనుప దవడలు గల పనిముట్టును; ప్రియముగ = ఇష్టముతో (వెల హెచ్చైనను అని ధ్వని); కొనవలె = కొనవలయును; కొక్కె మొకటి చాలు = ఒకే జాతి, ఒకే కొలత గల కొక్కెములు చాలును; కోడి యీక రంగు లెన్నొ చూచి = కుక్కుటపింఛముల బహువర్ణములను గాంచి; రాగము గొనబోకు = ఆశపడకుము; మొదట నేర్వు మొకటి = తొలుత ఒక్క ఈగను కట్టుట నేర్చుకొనుము; మోహ మేల = తక్కినవానిపై భ్రమ యెందులకు?

తాత్పర్యము

ఆరంభకుడు తన సొమ్ములో పెద్దపాలు వైసుపై వెచ్చించి, ఏదేని ఒక్క ఈగకు వలసిన సరకు మాత్రమే తెచ్చుకొని, చేయి తిరుగునంతవరకు దానినే కట్టవలయునే గాని, పెట్టె నిండుదనము చూచి మురియరాదని భావము.

వ్యాఖ్య

‘బిగిని విడని’ అని విశేషణ మేల? విడునవియు లోకమున బహుళముగా నున్నవి గనుక. పెట్టె వెల తగ్గింపగోరు వర్తకుడు ఈకల సంఖ్యను తగ్గింపడు, అవి కంటి కింపైనవి గావున. దవడల యుక్కును తగ్గించును, ఆ లోపము పనిలో దిగిన పిదప చేతికే గాని కంటికి దెలియదు గావున. దీనికి పరీక్ష యొకటి కలదు. పదవ నంబరు కొక్కెమును వంపుకడ దవడల కిచ్చి బిగించి, కన్నమున్న కొనను బొటనవ్రేలి గోటితో క్రిందికి నొక్కి విడువవలెను, కాడ కొంచెము వంగి, ‘టింగు’మని పైకి లేచి స్వస్థానమును చేరెనేని ఆ వైసు గ్రాహ్యము, దవడల నడుమ జారి తల వాల్చెనేని త్యాజ్యము. నంబరు పెరిగినకొలది కొక్కెము చిన్నదగునని ఇచ్చట నెరుంగునది. పదికంటె పదహారు చిన్నదను నీ విపరీత గణితమునకు వ్యాఖ్యాత బాధ్యుడు కాడు. దవడలు గిఱ్ఱున తిరుగు రోటరీ వైసు శోభాయమానమే గాని, మొదటి ఏడు అది లేకున్నను లోపము లేదు.

ఇచ్చట పూర్వపక్షి యిట్లనును: వైసు పుట్టకముందు జనులు శతాబ్దములపాటు కొక్కెమును వ్రేళ్లనడుమ పట్టియే కట్టిరి గదా, మాసిడోనియాలోని ఆస్ట్రేయస్ నదిలో చేపలు పట్టువారినిగూర్చి ప్రాచీన రోమక గ్రంథకర్త ఏలియన్ చెప్పిన వర్ణనలో ఎర్రని ఉన్నియు, కోడివి రెండు ఈకలును, కొక్కెమును తప్ప కట్టుటకు పనిముట్టు ప్రసక్తియే లేదు గదా యని. సత్యమే. అయినను వ్రేళ్లతో కట్టుట ఏండ్ల తరబడి అలవడవలసిన నేర్పు. దుకాణమునుండి నిన్ననే వచ్చినవానికి రెండు చేతులును దారమునకే చాలవు. ఏలియన్ సాక్ష్యము నాతడు తెచ్చినందులకు మాత్రము మనము సంతసింపవలెను. ఉన్ని యొకటి, ఈకలు రెండు అనుటచే అది మూలమునందలి నాల్గవ పాదమునకే ప్రమాణమగుచున్నది.

‘కోడి యీక రంగు లెన్నొ’ అనుటచే గ్రిజ్లీ, బేడ్జర్, ఫర్నేస్ మొదలగు భేదములు గ్రహింపవలెను. నలుపు తెలుపు అడ్డచారలు గలది గ్రిజ్లీ. తెల్లని యీకకు నడుమ నల్లని చార యున్నచో బేడ్జర్. గోధుమవన్నె యీకకు అదే చార యున్నచో ఫర్నేస్. పుంజును ఈకను బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ యని వేర్పరచి, ఏనాడు ఏది గెలుచునో కుక్కుటశాస్త్రము విప్పి చూచు గోదావరి జిల్లాల సంక్రాంతి పండితులకు ఈ ప్రకరణము బోధింప నక్కరలేదు. ఈకలకొఱకే ప్రత్యేకముగ కోళ్లను పెంచు పద్ధతి అమెరికాలో ప్రబలుటకు ముందు, భారతదేశమునుండియు చైనానుండియు ఓడలెక్కిన కోడిమెడ తోళ్లే ఆ విద్యకు పెద్ద యాధారము. అయినను చౌక పెట్టెలో మనకు దొరకునవి గులాబి, చిలకపచ్చ, నారింజ వన్నెలద్దిన మెత్తని యీకలు. ఏ నదిలో ఏ కీటకము ఆ వన్నెతో పుట్టునో సృష్టికర్తయే చెప్పవలెను.

‘ఒకటి’ యనగా నేది? వూలీ బగ్గర్ అని సిద్ధాంతము. 1967లో పెన్సిల్వేనియాకు చెందిన రస్సెల్ బ్లెసింగ్ దీనిని కల్పించెను. కాడ పొడవైన ఎనిమిదవ లేక పదవ నంబరు కొక్కెము, నల్లదారము, తోకకు మారబూ, ఒడలికి షెనీల్ అను నూగు నూలు, దానిపై వెనుకనుండి ముందునకు ఎడమెడముగ చుట్టు కోడియీక ఒకటి: ఇంతే సరకు. తోక నిడివి కాడ నిడివితో సమానముగ నుండవలెను. మారబూ కొంగ యీక యని శంకింపరాదు. పూర్వ మట్లేగాని, నేడు అంగళ్లలో దొరకునది టర్కీకోడి యీక. అది నీటిలో నిరంతరము కదలుచుండుటచే కట్టినవాని తప్పులు చేపకంట పడవు. కాడ పెద్దదగుటచే తనకంట మాత్రము చక్కగ పడును. విద్యార్థికి రెండును మేలే. సరకు ఇంతకంటెను స్వల్పము కావచ్చును: విల్ట్‌షైరులోని ఏవన్ నదికి రక్షకుడై యుండిన ఫ్రాంక్ సాయర్ తన సుప్రసిద్ధమైన నింఫు అను ఈగను ఫెజెంటు పక్షి తోక పోగులతోను సన్నని రాగితీగతోను కట్టెను, దారము సైతము వాడలేదు. కావున ఏ పెట్టెపై ‘ఫలానా ఈగకు చాలిన సరకు’ అని స్పష్టముగ నుండునో అది వైసు పరీక్షలో నెగ్గినచో నిశ్శంకముగ కొనదగినది.

విశేషములు

ఉపకరణములలో మూలకారుడు చెప్పక విడిచినవి అధ్యాహార్యములు. బాబిన్ పట్టుకొను గొట్టము మూతి నునుపుగా నుండవలెను, లేనిచో దారమును కోసివేయును; పింగాణి మూతి గలది శ్రేష్ఠము. కత్తెర మొన సన్నగా నుండవలెను. తీగను కోయవలసివచ్చినపుడు మొనతో గాక మొదలుతో కోయవలెను. ఈకను పట్టు చిన్న పటకారు, ముడి వేయు సాధనము అవసరములే. ఇక కట్టు పూర్తియైన పిదప ముడిపై నద్దు జిగురు పెట్టెలో లేనందున పెట్టెను నిందింపరాదు. వన్నెలేని గోళ్లరంగుతో ఆ కార్యము చక్కగ నెరవేరును. ఇంట ఎవరికైన అట్టి సీసా యున్నచో అడిగి తీసికొనవలెను; అడుగక తీసికొనుటకు ప్రాయశ్చిత్తము ఏ స్మృతియందును విధింపబడలేదు.