కొలువుసంకట పద్యానికి టీకా తాత్పర్యాలు

తే.గీ. పోవు మనుదాఁక నోర్చినఁ బొందు సొమ్ము
తానె పోయెద నని వ్రాయఁ దరలిపోవు;
వేచియుండఁగ నొరులిచ్చు వేఱుకొలువు
చేయిజాఱును, దారేది చెప్పుమన్న!

అవతారిక

హైదరాబాదు మాదాపూర్‌లో ఒకానొక సాఫ్ట్‌వేర్ కంపెనీని మరొక కంపెనీ కొంటున్నదన్న వార్త పొక్కిన వారానికి, ఐదో అంతస్తు పాంట్రీలో కాఫీ మెషీను పక్కనున్న తెల్లబోర్డు మీద ఈ పద్యం వెలసింది. కవి పేరు లేదు. గణయతులు తప్పకపోవడం, అరసున్నలూ బండి ఱలూ వాటి చోట్ల అవి ఉండడం చూస్తే ఈయన తెలుగు మీడియంలో చదివినవాడు. కనుక నలభై దాటినవాడు. కనుక ఇంటి అప్పు ఉన్నవాడు. కవి కాలనిర్ణయానికి ఇంతకన్న బలమైన ఆంతరిక ప్రమాణం అక్కర్లేదు.

సందర్భం తెలిసిందే. కొనుగోలు ప్రకటించారు గాని పూర్తి కాలేదు. పాత యజమాని మనసు తీసేశాడు, కొత్త యజమాని ఇంకా కాలు పెట్టలేదు. "ప్రస్తుతానికి మీ ఉద్యోగాల్లో ఎటువంటి మార్పూ లేదు" అని అందరికీ మెయిల్ వచ్చింది. అందులో ‘ప్రస్తుతానికి’ అన్న మాట చదివి కవికి నిద్ర పట్టలేదు. ఈ పద్యం ఆ రాత్రి ఫలం.

ప్రతిపదార్థం

పోవుము అను దాఁకన్ = ‘ఇక వెళ్లు’ అని కంపెనీవారు తమంతట తాము అనేవరకు; ఓర్చినన్ = ఓపిక పట్టి కుర్చీ వదలకుండా ఉంటే; పొందు సొమ్ము = చేతికొచ్చే సెవరెన్స్; తానె = ఉద్యోగి తనంతట తానే; పోయెదను అని వ్రాయన్ = పేపర్లు పెట్టేస్తే; తరలిపోవు = రాకుండా పోతుంది; వేచియుండఁగన్ = అలా ఎదురుచూస్తూ ఉండగా; ఒరులు ఇచ్చు = పరాయి కంపెనీలు ఇవ్వజూపే; వేఱు కొలువు = ఇంకొక ఉద్యోగం; చేయిజాఱును = దక్కకుండా పోతుంది; దారి ఏది = ఉపాయమేమిటి; అన్న = ఓ అన్నా; చెప్పుము = చెప్పు.

తాత్పర్యం

వాళ్లు పొమ్మంటే డబ్బొస్తుంది, మనమే పోతే రాదు. వాళ్లు అంటారేమోనని కూర్చుంటే బయట ఉద్యోగాలు అయిపోతాయి. ఏం చెయ్యమంటావన్నా అని కవి అడుగుతున్నాడు.

విశేషాలు

పోవుమను – ఈ క్రియకు కర్త యజమాని. చట్టంలో ఉన్న సొమ్మంతా ఈ కర్తను అంటిపెట్టుకునే ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ఎఫ్ అని ఒక సెక్షన్ ఉండేది. సంస్థ ఒకరి చేతిలోంచి మరొకరి చేతికి పోతే, ఏడాది నిండిన కార్మికుణ్ణి తొలగించినట్టే భావించి పరిహారం ఇవ్వాలని దాని సారం. ఎన్నేళ్లు చేస్తే అన్ని పదిహేను రోజుల జీతాలు. నెలకు 60 వేలు తీసుకుంటూ 8 ఏళ్లు చేసినవాడికి ఉజ్జాయింపుగా 2 లక్షల 40 వేలు. నెల ముందు నోటీసు ఇవ్వకపోతే ఇంకో నెల జీతం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల స్మృతిలోకీ ఈ పదిహేను రోజుల లెక్క నడిచొచ్చింది. తొలగించినవాడి కొత్త శిక్షణ కోసమని మరో పదిహేను రోజుల వేతనం నిధిలో వెయ్యాలని కూడా అందులో రాశారు.

ఇంతవరకు చదివి సంతోషించిన పాఠకుడు కాస్త ఆగాలి. కొత్త యజమాని ఉద్యోగాన్ని తెంచకుండా, జీతభత్యాలు తగ్గించకుండా, పాత సర్వీసుకు కూడా తనదే పూచీ అన్నాడంటే పైసా రాదు. కంపెనీ వాటాలు మాత్రమే అమ్ముడుపోతే అసలు యజమాని మారినట్టే కాదు. పైన ఎవరు కూర్చున్నా చట్టం కంటికి ఆ కంపెనీ ఆ కంపెనీయే. అంటే ఇలాంటి అమ్మకాల వల్ల సొమ్ము రాదు, పొమ్మంటేనే వస్తుంది. కవి ‘అమ్ముదాఁక’ అనకుండా ‘పోవుమనుదాఁక’ అనడంలోని జాగ్రత్త ఇదే. ఇంకొక చిక్కు: ఈ రక్షణ కార్మికుడికే గాని మేనేజరుకు లేదు. కార్డు మీద హోదా కాదు, చేసే పని చూసే తేలుస్తారు గాని, పదిమందిని ఆడించే పనిలో ఉన్నవాడికి చట్టం పెద్దగా అక్కరకు రాదు. అతడికి ఆఫర్ లెటరూ కంపెనీ పాలసీయే దిక్కు. ప్రమోషన్‌కు స్వీట్లు పంచినవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

ఓర్చినఁ – ‘నక్కినఁ’ అని పాఠాంతరం. రెండూ భగణమే కనుక ఛందస్సుకు లోటు లేదు. నక్కడమంటే మీటింగుల్లో కెమెరా ఆపేసి, ఎవరి కంటా పడకుండా రోజులు గడపడం. అనుభవజ్ఞులు ఈ పాఠాన్నే మెచ్చుకుంటారు. కాని కంటపడనివాడి పేరే జాబితాలో ముందెక్కుతుంది కాబట్టి మేము ‘ఓర్చినఁ’ అన్నదే గ్రహించాము.

తానె – పద్యానికి ప్రాణం ఈ ఏకారంలో ఉంది. పూర్వవ్యాఖ్యాతలు దీన్ని పట్టించుకోకుండా దాటేశారు. ‘తనంతట తాను’ అని అర్థం రాసి ఊరుకున్నారు. మన దగ్గర ఈ ‘తానె’ ఎలా పుడుతుందో చూడాలంటే హెచ్ఆర్ వారి చిన్న గదిలోకి వెళ్లాలి. గుండ్రటి బల్ల, రెండు కుర్చీలు, మధ్యలో ముందే చింపి ఒక కాగితం పైకి లాగి ఉంచిన టిష్యూ డబ్బా.

"సర్, ఇది టెర్మినేషన్ అని రికార్డుకెక్కితే రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీకే ఇబ్బంది. మీరే రిజిగ్నేషన్ మెయిల్ పెట్టేయండి, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇచ్చేస్తాం."

"నేను వెళ్తానని అనలేదు కదా మేడమ్."

"మీ మంచికే చెప్తున్నాను సర్. నాలుగులోపు పెట్టేస్తే బాగుంటుంది. నాలుగున్నరకి ఈ రూమ్ వేరేవాళ్లకి బుక్కయింది."

నాలుగింటికి మెయిల్ వెళ్తుంది. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని ఉంటుంది అందులో. రాసిన చెయ్యి ఉద్యోగిది, వాక్యం కంపెనీది. వ్యాకరణరీత్యా ఇది ప్రేరణార్థకం. పోవడం కాదు, పోగొట్టడం. కాని కాగితం మీద ప్రేరణ కనబడదు, ‘తానె’ ఒక్కటే కనబడుతుంది. పొమ్మనలేక పొగబెట్టడమని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. పొగకు ఉక్కిరిబిక్కిరై బయటికొచ్చినవాణ్ణి ‘స్వచ్ఛందంగా వెళ్లాడు’ అని రిజిస్టర్లో రాసుకునే తెలివి మాత్రం ఈ కాలానిది. కాబట్టి ఈ పదానికి మా వ్యాఖ్య: ఆ గదిలో ‘తానె’ అయ్యే పని ఎట్టి పరిస్థితిలోనూ చెయ్యకూడదు. తొలగిస్తున్నట్టు కాగితం ఇవ్వమనాలి. ఆలోచించుకుంటానని లేచి రావాలి. గది ఎవరికి బుక్కయిందన్నది మన సమస్య కాదు.

అమెరికాలోని మనవాళ్లకు ఈ పదం దగ్గర కొంత వెసులుబాటు ఉంది. అక్కడ సెవరెన్స్ ఇవ్వాలని దేశం మొత్తానికీ చట్టమేమీ లేదు. కాని 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం వందమంది, అంతకు పైన ఉన్న కంపెనీ మూకుమ్మడిగా తీసేస్తే 60 రోజుల ముందు చెప్పాలి. నలభై నిండినవాణ్ణి గుంపులో తీసేస్తూ హక్కులు వదులుకున్నట్టు సంతకం అడిగితే, ఆలోచించుకోవడానికి 45 రోజులు, సంతకం చేశాక మనసు మార్చుకోవడానికి 7 రోజులు ఇచ్చి తీరాలి. మన హెచ్ఆర్ గదిలో ఇచ్చింది నాలుగు గంటల వరకు. అయితే హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం ఎలా పోయినా, తాను పోయినా వాళ్లు పొమ్మన్నా, దొరికే గడువు మామూలుగా 60 రోజులే. అతడి విషయంలో పద్యం మూడో పాదం బరువు రెట్టింపవుతుంది.

పోవుమనకా ఉండుమనకా – ఈ రెంటికీ మధ్య ఇంకొక స్థితి ఉందని కవికి తోచినట్టు లేదు. చరిత్రలో ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ లెక్కలు బూటకమని లేఖ రాశారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల లెక్కన వేలంలో గెలిచింది. ఆ వేసవి దాటేలోగా వేలమంది ఉద్యోగుల్ని ‘వర్చువల్ పూల్’ అనే దాంట్లో వేశారు. ఉద్యోగం ఉన్నట్టే, పని లేదు. జీతం ఉన్నట్టే, మూలవేతనం వంటి కొద్దిపాటి చెల్లింపులు తప్ప లేదు. త్రిశంకు స్వర్గానికి కార్పొరేట్ అనువాదం. ‘పోవుము’ అన్న మాట వినబడదు గనక వేరే సొమ్మూ లేదు. ఓర్చుకునేవాడు ఎంతకాలం ఓర్చుకోవాలో తనలో తానే ఒక తేదీ వేసుకోవాలనడానికి ఇదే ప్రమాణం.

దీనికి పూర్తిగా తలకిందులైన ఉదాహరణ ట్విట్టర్. 2022 అక్టోబరు 27న ఎలాన్ మస్క్ చేతికి వచ్చింది. వారం తిరిగేసరికి సగంమందికి ఉద్వాసన. నవంబరు 16న మిగిలినవాళ్లకు మెయిల్: కఠోరంగా పనిచేస్తానంటే ‘సరే’ అని నొక్కు, రేపు సాయంత్రం ఐదింటిలోగా నొక్కకపోతే 3 నెలల సెవరెన్స్ తీసుకుని వెళ్లు. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలంటే, మౌనమే పూర్తి నిష్క్రమణ అని ఆయన శాసనం. ఉద్యోగి ఏమీ రాయకుండానే సొమ్ముతో పోయే ఏర్పాటు ఇది. మన కవి కలగన్నది ఇదే. సెవరెన్సుల మీద తరవాత కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయనుకోండి, అది వేరే కాండ.

మామగారి వ్యాఖ్య – ఆంధ్రా బ్యాంకులో రిటైరైన మామగారు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇది వినబడుతుంది. "అల్లుడుగారూ, బోర్డు మారుతుందంతే. మా బ్యాంకు మాత్రం మారలేదూ?" భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో బందరులో పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. విలీనం వల్ల ఏ ఒక్కరి ఉద్యోగమూ పోదని ప్రభుత్వం ముందే మాటిచ్చింది. ఆయన చెప్పేది ఆయన లోకంలో అక్షరసత్యం. ఆ లోకంలో యూనియన్ ఉంది, ప్రభుత్వం ఉంది. అల్లుడి లోకంలో ఉన్నది వాట్సప్ గ్రూపు.

వేచియుండఁగ – ఇక్కడ అందరూ పొరబడ్డారు. వేచి ఉండడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడమని అన్వయించి, మొదటి రెండు పాదాలకూ చివరి రెండు పాదాలకూ వైరుధ్యం ఉందన్నారు. లేదు. వేచేది వాళ్ల నోటి మాట కోసం. ఆ వేచే కాలంలో ఇంటర్వ్యూలకు వెళ్లవద్దని పద్యంలో ఎక్కడా లేదు. పైగా మనవాళ్ల నోటీసు పీరియడ్ చాలాచోట్ల 90 రోజులు. బయటివాడికి కావలసింది రేపే చేరేవాడు. పేపర్లు పెట్టినవాడు మూణ్ణెల్లు కట్టుబడి ఉంటాడు, పొమ్మనిపించుకున్నవాడు నోటీసు జీతం తీసుకుని మర్నాడే చేరగలడు. ఈ సూక్ష్మం తెలిసి రాశాడో తెలియక రాశాడో గాని, ‘ఒరులిచ్చు’ అన్నప్పుడు ఒరులకు కావలసిన సరుకు వేచినవాడి దగ్గరే ఉంటుంది.

తరలిపోవు – తరలిపోయేది సెవరెన్స్ ఒక్కటే. పీఎఫ్ ఎలాగైనా మనదే. గ్రాట్యుటీ కూడా 5 ఏళ్లు నిండితే రాజీనామా చేసినా వస్తుంది. నాలుగున్నరేళ్ల దగ్గర నిలబడి ఆవేశపడేవాడికి మాత్రం ఏ వ్యాఖ్యాతా సాయం చెయ్యలేడు. ఆ ఆరు నెలలూ పళ్లు బిగించాల్సిందే.

రసం – కరుణమని అందరూ అంటారు, వాదించము. స్థాయీభావం ఈఎంఐ. మిగిలినవన్నీ మారినా స్థాయిగా ఉండేది అదొక్కటే. లింక్డిన్‌లో ఫొటో చుట్టూ ‘ఉద్యోగం కావాలి’ అని చెప్పే పచ్చ ఉంగరం పెట్టుకోవాలా వద్దా అన్న చింత, పక్క టీమ్‌వాడు సెలవు పెడితే పుట్టే అనుమానం మొదలైనవి సంచారీభావాలు.

దారేది చెప్పుమన్న – కవి అడిగాడు గనక వ్యాఖ్యాత తప్పించుకోరాదు. సెవరెన్స్ నాలుగు నెలల జీతమనుకుందాం. బయట నూటికి 30 ఎక్కువిచ్చే ఉద్యోగం ఖాయమైతే ఆ నాలుగు నెలల సొమ్ము పదమూడు పద్నాలుగు నెలల్లో వచ్చేస్తుంది. అలాంటిది చేతిలో ఉండగా, ఇంకా రాని పిలుపు కోసం దాన్ని వదలడం తెలివితక్కువ, వెళ్లాలి. అదే జీతానికో, తక్కువకో, నోటిమాట ఆఫర్‌కో అయితే వెళ్లకూడదు. ఏ ఆఫరూ లేకుండా పుకారుకు జడిసి రాజీనామా రాయడం మాత్రం కొత్త యజమానికి కట్నమివ్వడమే. అతడు కొనేముందే లెక్కలో రాసుకున్న తొలగింపుల ఖర్చులో మన వాటా అతడికి మిగులుతుంది.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని టీకతో సహా చదివినవారు ఇవాళే తమ ఆఫర్ లెటరు, జీతం చీటీలు, ఫారం 16, అప్రైజల్ కాగితాలు దించుకుని ఇంట్లో భద్రపరచుకోవాలని ప్రార్థన. పోవుమన్నాక లాగిన్ పనిచెయ్యదు.